పదకొండో కొక్కెం

"బయట బోర్డు మీద ఏం రాసుందో చదివావా నోలీన్?" అన్నాడు క్లారీ, షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడి.

"చదివాను. మెన్స్ షెడ్ అని ఉంది. రంగు వెలిసిపోయింది కూడా. సభ్యత్వం ఇస్తే అదీ నేనే వేస్తాను," అంది నోలీన్.

లోపల రంపాలు ఆగిపోయాయి. కూరంబీ ఊళ్లో రిటైరైన మగవాళ్లు వారానికి మూడు రోజులు పొద్దున్నే చేరి, విరిగిన కుర్చీలు బాగుచేస్తూ, టీ తాగుతూ, ఒకరినొకరు ఆటపట్టించుకునే చోటది. గోడకు పది కొక్కేలు, వాటికి పది కప్పులు, ఒక్కో కప్పు కింద ఒక్కో పేరు. నోలీన్ మూడు నెలలుగా అడుగుతున్నది పదకొండో కొక్కెం.

"సరే అయితే. కొత్తగా చేరేవాళ్లు ఏదో ఒకటి బాగుచేసి చూపించాలి. అది ఇక్కడి ఆనవాయితీ." క్లారీ మూలనున్న కంప్యూటర్ వైపు చూపించాడు. "దాని ప్రాసెసర్, మదర్‌బోర్డు, మెమరీ, మూడూ మార్చాలి. సామాను కొనిపెట్టాం. పదిన్నరకి టీ. కెటిల్లో నీళ్లు మరిగేలోపు తెర వెలగాలి. వెలగలేదనుకో?"

"మళ్లీ ఈ గుమ్మం తొక్కను."

"ఆలోచించుకో తల్లీ, అది కేకు పిండి కలిపే మిషను కాదు," అన్నాడు డెస్, చెక్కపొట్టు దులుపుకుంటూ.

"నీ నోటికి కూడా ఒక స్విచ్ ఉంటే బాగుండు డెస్. ముందు అది ఆర్పి మొదలుపెట్టేదాన్ని."

ఆమె చేతులు పైకి మడుచుకుని కొత్త మదర్‌బోర్డు పెట్టె అందుకుంది. మూత మీది టేపును ఎవరో కోసి మళ్లీ అతికించారు.

"దీన్ని ముందే తెరిచారా?"

"ఊరికే చూశాం," అన్నాడు క్లారీ పైకప్పు వైపు చూస్తూ.

గోడ దగ్గర స్విచ్ ఆర్పి, కంప్యూటర్ పక్కరేకు ఊడదీసింది. విప్పిన స్క్రూలను ఖాళీ గుడ్ల అట్టలో ఏ రకానికి ఆ గుంట చొప్పున వేసింది. పాత బోర్డు ఇన్నేళ్ల చెక్కపొట్టుతో సహా బయటికొచ్చింది.

"డిస్కు జాగ్రత్త," అన్నాడు క్లారీ. "మీటింగుల్లో నేను రాసిన మినిట్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఎప్పట్నుంచో సతాయిస్తోంది. పోయిన మంగళవారం మీటింగులో రాస్తూ రాస్తూ ఉండగానే ఇది పూర్తిగా ఆరిపోయింది."

క్లారీ షెడ్డు కార్యదర్శి. ఎవరు తుమ్మినా మినిట్స్‌లోకి ఎక్కించే మనిషి.

"డిస్కు జోలికి పోను. నువ్వు రాసింది రాసినట్టే ఉంటుంది."

కొత్త ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని తీసింది.

"గట్టిగా నొక్కు, కూర్చుంటుంది," అన్నాడు డెస్.

"నొక్కితే కింద సూదులు వంగిపోతాయి. ఈ మూల గుర్తు ఆ మూల గుర్తుకి సరిపోతే దానంతటదే కూర్చుంటుంది. నువ్వు బాగుచేసిన కుర్చీలన్నీ ఎందుకు కుంటుతున్నాయో ఇప్పుడర్థమైంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు బఠాణీ గింజంత వేసి ఫ్యాన్ బిగించింది. మెమరీ ముక్కలను మాత్రం రెండు బొటనవేళ్లతో, రెండువైపులా టక్కుమనేదాకా నొక్కింది. ఆ తర్వాత తీగలు, ఒక్కొక్కటే. పక్క బల్ల దగ్గరి స్టావ్రోస్ అడక్కుండానే వచ్చి టార్చి పట్టుకున్నాడు. ఎవరూ తమ బల్లల దగ్గరికి తిరిగి వెళ్లలేదు.

పది ఇరవై ఐదుకి డెస్ కెటిల్ పెట్టాడు. నోలీన్ గోడ స్విచ్ వేసి మీట నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది.

ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం కూడా.

"పోయింది," అన్నాడు డెస్. గొంతులో వెక్కిరింపు లేదు.

క్లారీ గోడ స్విచ్ వైపు చేయి చాచాడు. నోలీన్ దాని మీద అరచేయి అడ్డం పెట్టింది.

"ఆర్పి మళ్లీ వేద్దాం నోలీన్. చచ్చిపోయిందది."

"చావలేదు. కొత్త బోర్డు కొత్త మెమరీతో మొదటిసారి పరిచయం చేసుకుంటోంది. దానికి టైము పడుతుంది. మధ్యలో ఆర్పితే మళ్లీ మొదటికొస్తుంది. చేయి తియ్యి క్లారీ."

మాట గట్టిగానే వచ్చింది. లోపల మాత్రం పెట్టిన ప్రతి తీగనూ మళ్లీ తడుముకుంటోంది. అన్నీ పెట్టింది. పెట్టాననే నమ్మకం ఉంది. అరచేయి తీయలేదు.

కెటిల్ బుసకొట్టడం మొదలుపెట్టింది. మూత కింద ఆవిరి లేచింది. అంతలోనే ఆ చప్పుడు సన్నగిల్లింది. కంటికొసన స్టావ్రోస్ చేయి కెటిల్ మీట మీంచి వెనక్కి వెళ్లడం నోలీన్‌కి కనిపించింది. నీళ్లింకా మరగలేదు.

తెర వెలిగింది.

పదిమందీ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. డెస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. స్టావ్రోస్ కెటిల్ మళ్లీ పెట్టాడు.

"రాయి క్లారీ. నోలీన్ నెగ్గిందని నా కళ్లముందే మినిట్స్‌లో రాయి," అంది ఆమె.

"ముందు టీ తాగుదాం. మినిట్స్ ఎక్కడికీ పోవు."

"పోవుగా. మరి భయమెందుకు?"

"వద్దు నోలీన్, దాన్ని ముట్టుకోకు," అంటూ క్లారీ అడ్డం వచ్చేలోపే ఆమె మినిట్స్ తెరిచింది. పోయిన మంగళవారం ఆరిపోయినప్పుడు సగంలో ఆగిన పేజీ, దాచుకోమంటారా అని అడుగుతూ ముందుకొచ్చింది. నోలీన్ కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివింది.

"ఆరో అంశం. నోలీన్‌ను సభ్యురాలిగా చేర్చుకోవడానికి పదిమందీ ఒప్పుకున్నారు. కొక్కెం కొనే పని డెస్‌ది. ఏడో అంశం. కంప్యూటర్ సామాను మార్చడం మనలో ఎవ్వరికీ చేతకాలేదు కనుక, ఆ పని ఆమె చేత చేయించేదాకా ఆరో అంశం ఆమె చెవిన పడకూడదు."