డాబా మీది నెట్ వైరు

గౌరీశ్వరి ఓడరేవులో క్రేన్ డ్రైవరు. ఇప్పుడందరిలాగే ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే క్రేన్ నడుపుతుంది. నిన్న వైఫై ఆగిపోయి, కంటైనరు కూలీల తలల మీద తొమ్మిది నిమిషాలు వేలాడింది. మళ్లీ అలా జరగనివ్వకూడదనుకుంది.

పొద్దున్నే రౌటర్‌ను గది మార్చింది. మైక్రోవేవ్ ఆపింది. ఇనప బీరువా జరిపింది. అయినా సిగ్నల్ నిలవలేదు.

"వైరుంటే ఆగదత్తా. ఇప్పుడెక్కడా అమ్మట్లేదు."

"డాబా మీద బట్టలారేసేది మీ మావ కాలంనాటి నెట్టు వైరే కదే!" అంది అత్త.

గౌరీశ్వరి తడి చీరలు తీసి అత్త చేతుల్లో పెట్టింది. వైరు విప్పి తెచ్చి, కొసలు ఒలిచి, రౌటర్‌కూ కంప్యూటర్‌కూ బిగించింది.

ఆ రోజు ముప్పై కంటైనర్లు దించింది. తెర ఒక్కసారీ ఆగలేదు.

షిఫ్టు అయ్యాక రేవులోంచి కూలీల మేస్త్రీ ఫోన్లో మాట్లాడాడు.

"ఈవేళ మావోళ్లు పైకి చూడకుండా పనిచేసేరమ్మా."