నల్లబడని పిన్ను

"మా నీళ్లు చచ్చిపోయాయి. చంపింది మీరే," అన్నాడు మొరిహికో, వేడినీళ్ల చెక్క బకెట్టును ఊరి సమావేశం మధ్యలో దబ్బున పెడుతూ.

భూమిలోంచి ఆవిరి లాగి కరెంటు తీసే కంపెనీ ఇంజనీరు నాగురా నడుం వంచాడు. తప్పున్నా లేకపోయినా ముందు వంగడం ఆయన ఉద్యోగం.

మొరిహికోది ఊళ్లో వేడినీటి ఊట మీద నడిచే పెద్ద స్నానాల సత్రం. ఈమధ్య జనం రావడం లేదు. అక్కడ వడ్డించే చేప కంపు కొడుతోందని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని తప్పు కంపెనీదేనని, ఆవిరి కోసం వాళ్లు తవ్విన కొత్త బావి మూయించాలని కూర్చున్నాడు.

"ఆవిరితో పాటు గంధకమూ మీరే లాగేశారు. ఇదివరకు మా నీళ్లలో వెండి పడితే ఆ గంధకానికి నల్లబడేది. ఇప్పుడు చూడండి."

పక్కనున్న భార్య సుమియె కొప్పులోంచి కొంగ చెక్కిన పిన్ను లాగాడు.

"అయ్యో, పెళ్లిరోజుకి మీరు పెట్టిన వెండండీ అది."

"ఊరి కోసమేనే. ఊరుకో."

పిన్ను బకెట్టులో పడింది. అందరూ నిదానంగా టీ తాగారు. పిన్ను తళతళలాడుతూనే ఉంది. సత్రాలవాళ్లు చప్పట్లు కొట్టారు.

నాగురా బుర్ర గోక్కున్నాడు. "నేను క్షమాపణకు వచ్చింది వేరే సంగతికండీ. మేం తోడేకొద్దీ కింద మట్టం పడిపోయి, మిగిలిన నీళ్లు మరీ మరుగుతున్నాయి. ఆ ఆవిరి మీ ఊటల్లోకి తన్నుకొస్తోంది. మీ నీళ్లలో ఉప్పు తగ్గింది, గంధకం రెట్టింపయింది. మీ రాగి కుళాయిల్ని తినేస్తున్నది అదే."

"రెట్టింపయితే ఈ పిన్ను సంగతేంటయ్యా?"

"అదే నాకూ అర్థం కావడం లేదు. ఇంకెవరి దగ్గరైనా వెండి ఉందా?"

వెనక వరసలోంచి సారా దుకాణం చిజురు లేచింది.

"చాల్లే, పొద్దుపోయింది," అన్నాడు మొరిహికో గబగబా.

"ఉండండి. నాకూ అనుమానం పట్టుకుంది," అంటూ చిజురు తన కొప్పులోంచి పిన్ను తీసి బకెట్టులో వేసింది.

చూస్తుండగానే అది బొగ్గులా నల్లబడింది.

సుమియె వంగి రెండు పిన్నులూ తీసి అరచేతిలో పెట్టుకుంది. తెల్లదాని మీదా, నల్లదాని మీదా అదే కొంగ.

"హమ్మయ్య," అంది చిజురు. "నాకైనా అసలుది ఇచ్చాడు."