ఏడో నంబరుకు ఎదురుగా

"చెయ్యి ఎత్తు, సూస్తాను," అన్నాడు మునిరాజు.

రూప కుడిచెయ్యి ఎత్తింది. చెవి దాటింది, తల దాటింది. మోచెయ్యి నిటారుగా నిలిచింది.

"నొప్పి ఉండాదా?"

"లేదు మామా."

"నిజం సెప్పు."

"రవ్వంత," అని పకపకా నవ్వేసింది.

అది 2004. పుంగనూరులో ఆ మొగుడూ పెళ్ళాలది ఒంటిగది ఇల్లు. వీధివైపు మునిరాజు గడియారాలు రిపేరు చేసే బంకు. పోలియో వల్ల రూప చిన్నప్పటి నుంచీ నడవలేదు. చక్రాల కుర్చీలో బాస్కెట్‌బాల్ ఆడడానికి దిగిందంటే మాత్రం, మదనపల్లె జట్టులో ఆమెలా కుర్చీ తిప్పేవాళ్ళు మగవాళ్ళలోనూ లేరు.

పది నెలల కిందట మదనపల్లెలో కుప్పం జట్టుతో ఆట జరిగింది. నీలం బనియను వేసుకున్న ఏడో నంబరు బంతి కోసం దూసుకొచ్చి ఆమె కుర్చీని గుద్దేశాడు. కుర్చీ తిరగబడింది. మోచెయ్యి విరిగింది. లోపల స్టీలు ప్లేటు వేశారు.

కాళ్ళ పని కూడా చేతులతోనే చేసుకునే మనిషి మంచం పట్టింది. మునిరాజు మొదటి వారం సరిగా తిండే తినలేదు. ఆ తర్వాత అన్నం కలిపి తినిపించాడు. బట్టలు ఉతికాడు. జడ వేయడం నేర్చుకున్నాడు. అది ఒకనాడు ఎడమకీ ఒకనాడు కుడికీ పోయేది. అద్దంలో చూసుకుని రూప కడుపుబ్బ నవ్వేది.

ఇక ఆడొచ్చని డాక్టరు అన్నరోజు ఆమె వీధంతా మూడు చుట్లు చుట్టి వచ్చింది. దిగులు మునిరాజుకే.

"ఆ ఏడో నంబరోడు మళ్ళా గుద్దితే?"

"గుద్దేలోపల తప్పుకుంటా."

"బంతి కనపడితే వానికి ఇంగేమీ కనపడదు రూపా."

"కనపడకపోనీ. నా మీద జాలిపడి నెమ్మదిగా వచ్చినాడో, జన్మలో వానితో మాట్లాడను. సెప్తాండా!"

మునిరాజు తల గోక్కున్నాడు. "సరే. ఆడ నీ కండ్ల ముందరే ఉంటాలే," అని ఆదివారం ఆటకు శనివారమే తన సొంతూరు కుప్పానికి బస్సెక్కాడు.

ఆదివారం మదనపల్లె జట్టు టెంపో పుంగనూరులో ఆగి రూపను ఎక్కించుకుంది. పైన కుర్చీలు, లోపల పాటలు. కుప్పం చేరేసరికి అందరి గొంతులూ బొంగురుపోయాయి.

జట్టు కెప్టెన్ పద్మావతి ఆమెను చాలాసేపు ఆటలోకి దించకుండా గీత బయటే కూర్చోబెట్టింది. ఆఖరి ఐదు నిమిషాలుండగా దగ్గరికొచ్చి, "భయంగా ఉండాదా?" అంది.

"కోర్టులో దిగినాక వాడు వట్టి ఏడో నంబరే గదక్కా."

దిగింది. మొదటి బంతి రింగుదాకా కూడా పోలేదు. కుప్పం జనం ఈలలు వేశారు. రెండోది రింగుకు తగిలి బయటికి దూకింది. మోచెయ్యి సలుపుతోంది. అయినా లోపల ఎవరో కితకితలు పెడుతున్నట్టుంది ఆమెకు. పది నెలల తర్వాత అరచేతులకు చక్రాల వేడి!

ఇరవై ఆరు, ఇరవై ఏడు. కుప్పానిదే పైచేయి. ఇంకా పది సెకన్లు.

పద్మావతి విసిరిన బంతి వచ్చి రూప ఒళ్ళో పడింది. తలెత్తితే ఎదురుగా ఏడో నంబరు. ఒక్క క్షణం అతని చేతులు చక్రాల మీద ఆగిపోయాయి.

"రారా! యాల నిలబడినావు?" అని అరిచింది రూప.

వచ్చాడు. పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి వచ్చాడు. మదనపల్లె వాళ్ళు "అయ్యో" అని లేచారు. రూప ఎడమచక్రం పట్టి ఆపి, కుడిచక్రాన్ని ఒక్క తోపు తోసింది. కుర్చీ బొంగరంలా తిరిగింది. ఏడో నంబరు పక్కనుంచి దూసుకుపోయి, గీత దాటి, జనం ముందర కుర్చీతో సహా పల్టీ కొట్టాడు.

రూప చెయ్యెత్తింది. చెవి దాటింది, తల దాటింది. బంతి గాల్లోకి లేచింది.

రింగు మీద ఒక చుట్టు తిరిగి లోపల పడింది.

ఈల మోగింది. మదనపల్లె వాళ్ళు కుర్చీలతోనే గిరగిరా తిరిగారు. పద్మావతి ఏడుస్తూ నవ్వుతోంది. "మా రూప చెయ్యి విరగ్గొట్టినోనికి బాగా అయింది!" అని ఎవరో కేక వేశారు. నేలమీద వెల్లకిలా పడిన ఏడో నంబరు మాత్రం ఓడినవాడిలా లేడు. ఆకాశం చూస్తూ పగలబడి నవ్వుతున్నాడు.

రూప జనాన్ని తప్పించుకుని అతని పక్కకు కుర్చీ తోసుకుంటూ వెళ్ళి, "దెబ్బ తగల్లేదు గదా మామా?" అంటూ ప్లేటు వేసిన చేతినే మొగుడికి అందించింది.