ముక్కు మీద మూడాకులు

“కదలకండి మాస్టారూ! మీరు కదిలితే అది దేవుడి పటం మీద వాలుతుంది!” అన్నాడు బ్రహ్మయ్య, తను మాత్రం గుమ్మం అవతలే నిలబడి.

సుందరరాజు మాస్టారు దేవుడి గదిలో స్టూలెక్కి, దూలానికి తలకిందులుగా వేలాడుతున్న గబ్బిలం ముక్కును భూతద్దంలోంచి చూస్తున్నాడు. తిరువూరు హైస్కూల్లో సైన్సు చెప్పే ఆయనకు వేసవి సెలవుల్లో పాఠం వినేవాళ్లు దొరకరు. అలాంటిది ఇవాళ కబురు పెట్టి మరీ పిలిపించారు. ఆ సంబరం దాచుకోవడం ఆయన వల్ల కావడం లేదు.

బ్రహ్మయ్యకు మాత్రం ప్రాణం మీదికి వచ్చింది. గబ్బిలం దూరిన ఇంటిని మూడు నెలలు పాడుపెట్టాలని, అంటే తాళం వేసి అందరూ వెళ్లిపోవాలని, తాతల నాటి నుంచీ వాళ్లకు పట్టింపు. వెనక ఇల్లు, ముందు కిరాణా కొట్టు, రెండింటికీ కప్పు ఒకటే. ఇంటికి తాళం పడితే కొట్టుకీ పడ్డట్టే. ఆంధ్రరాష్ట్రం వచ్చాక ఇదే మొదటి వేసవి, బజారు ఇప్పుడిప్పుడే పుంజుకుంటోంది. ఎదురు వరసలో కొత్తగా కొట్టు తెరిచిన ఆసామి ఈ మూడు నెలల్లో బేరాలన్నీ ఎగరేసుకుపోతాడు.

“వడగాడ్పులకి తలుపులూ కిటికీలూ బిగించే ఉన్నాయి కదా! ఎట్లా దూరిందే?” అన్నాడు భార్యతో.

“నాకేం తెలుసండీ? పొద్దున దీపం పెడదామని వచ్చేసరికి వేలాడుతోంది,” అంది సుబ్బరత్నం, కొంగుతో కళ్లొత్తుకుంటూ. “ఏం చేస్తాం, రాసిపెట్టుంది. మూడు నెలలు రెడ్డిగూడెంలో మావాళ్లింట్లో తలదాచుకుంటాం. తప్పుతుందా?”

మామిడితోటల మధ్య ఉన్న ఆ పుట్టింటికి పంపమని ఆమె అడగని వేసవి లేదు. సరుకు దిగాలనీ, గుమాస్తాలకు వండిపెట్టే దిక్కు లేదనీ బ్రహ్మయ్య ఏటా ఏదో ఒక వంక పెడుతూ వచ్చాడు. అడిగి అడిగి ఈ ఏడు ఆమె అడగడమే మానేసింది. ఇప్పుడు వెళ్లే అవకాశం వచ్చినా ఏడుస్తోందంటే, పాపం, కొట్టు మీద ఎంత మమకారమో అనుకున్నాడు. ఆయన మనసు కరిగిపోయింది.

“గబ్బిలమేనంటారా మాస్టారూ?” అని అడిగాడు, ఆశ చావక.

“గబ్బిలం అంటే సరిపోదండీ. వీటిలో ఎన్ని కుటుంబాలు, ఎన్ని జాతులు! పళ్లు తినేవి వేరు, పురుగుల్ని తినేవి వేరు. ఇది పురుగుల్ని తినేది. ఆకుముక్కు గబ్బిలం.”

“ముక్కుకి ఆకేంటండీ?”

“ముక్కు చుట్టూ గుర్రపు లాడంలా చర్మం, దాని పైన ఆకులా నిలబడిన మడత. అసలు సంగతి పక్కన ఉంటుంది. కొన్ని రకాలకు అటూ ఇటూ రెండేసి చిన్నాకులు, కొన్నిటికి మూడేసి, కొన్నిటికి నాలుగేసి. కొన్నిటికి అసలే ఉండవు. ఏ జాతిదో తేల్చాలంటే ముందు వాటిని చూడాలి.”

“దీనికెన్ని?”

మాస్టారు భూతద్దాన్ని ఇంకాస్త దగ్గరకు జరిపాడు. గబ్బిలం చెవులు ఆడించింది.

“మూడు.”

“మూడాకులా!” బ్రహ్మయ్య నడిమింట్లోకి పరుగెత్తాడు. అక్కడ పీట మీద పురోహితుడు శాస్త్రిగారు విసురుకుంటూ కూర్చున్నారు. “శాస్త్రిగారూ, మూడాకులంటే మారేడుదళం కాదూ? శివుడికి ప్రీతి కాదూ?”

శాస్త్రిగారు విసనకర్ర ఆపారు. ఆయనకూ పొద్దుట్నుంచి ఇరకాటంగానే ఉంది. ఈ ఇల్లు మూతపడితే శ్రావణమాసం నోములూ, వాటి వెంట వచ్చే నేతి బూరెలూ మూతపడతాయి. లేచొచ్చి, మాస్టారిని దింపి తను స్టూలెక్కి, ఆయన చేతిలోంచి భూతద్దం తీసుకుని, గబ్బిలాన్ని పైనుంచి కిందికి పరీక్షించారు. అది తలకిందులుగా ఉంది కాబట్టి గోళ్ల దగ్గర మొదలుపెట్టి ముక్కు దాకా వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది.

“త్రిదళమే, సందేహం లేదు. ఇది దోషం కాదయ్యా, అనుగ్రహం. పాడుపెట్టనక్కర్లేదు. కొబ్బరికాయ కొట్టి సాగనంపండి,” అన్నారు.

బ్రహ్మయ్య తూకం సరిపోయాక కూడా మరోసారి ముల్లు చూసుకునే మనిషి.

“మరి రెండాకులదైతేనండీ?”

“శాంతి చేయిస్తే చాలు.”

“నాలుగైతే?”

“నాలుగు వేదాలు. ఇంకా మంచిది.”

“అసలే లేనిదైతే?”

శాస్త్రిగారు ఆలోచనలో పడ్డారు. అన్నిటికీ సరేనంటే శాస్త్రానికి విలువుండదు. “దానికి మాత్రం మినహాయింపు లేదు. ఆ పూటే ఇల్లు పాడుపెట్టాల్సిందే.”

సుబ్బరత్నం ఉలిక్కిపడింది. “అట్లాంటివి ఈ చుట్టుపక్కల ఉన్నాయా మాస్టారూ?”

“ఎందుకు లేవమ్మా!” మాస్టారు నిలబడ్డచోటే పాఠం అందుకున్నాడు. “ఎ.కొండూరు దారిలో పాడుబడ్డ సత్రం లేదూ, దాని లోపలి గదినిండా అవే. పసుపు కలిసిన ఒళ్లు, పెద్ద చెవులు. ముక్కు పక్కన ఒక్క ఆకుంటే ఒట్టు.”

“కరుస్తాయా?”

“గుడ్డతో పట్టుకుంటే ఏం చెయ్యవు.”

“అటు పోకుండా జాగ్రత్తపడదామనీ...” అంది ఆమె. ఇన్నేళ్లకు తన పాఠం శ్రద్ధగా విన్న మనిషి దొరికినందుకు మాస్టారి కళ్లు చెమర్చాయి.

ఆయనే గబ్బిలాన్ని కండువాతో పట్టి పెరట్లోకి తెచ్చాడు. పిడకలు తెచ్చిపెట్టే హన్నమ్మ అక్కడ ఖాళీ గంపతో నిలబడి ఉంది. గంపలో వేయగానే గబ్బిలం తెలిసిన ఇంటికి చేరినట్టు అంచు పట్టుకుని సర్దుకుంది.

“ఊరిబయట వదిలేస్తాలెండయ్యా,” అంది హన్నమ్మ, గంప మీద గోనె కప్పుతూ.

బ్రహ్మయ్య కొబ్బరికాయ కొట్టి, కొట్టు తెరిచి, వచ్చిన ప్రతి మనిషికీ త్రిదళం సంగతి చెప్పాడు. ఎదురు కొట్టు ఆసామి కూడా వచ్చి విని, మొహం వేలాడేసుకుని వెళ్లాడు. ఆనందం పట్టలేక బ్రహ్మయ్య లోపలికి కేకేశాడు.

“రత్నం! గండం గడిచిందే! ఇక పుట్టింటికి పోవాల్సిన ఖర్మ లేదు, హాయిగా ఇక్కడే ఉందువుగాని!”

“అట్లాగేనండీ,” అని బదులిచ్చి, సుబ్బరత్నం పెరట్లోకి వెళ్లింది. ప్రసాదం కోసం ఆగిన హన్నమ్మ చేతిలో కొబ్బరిచిప్ప పెట్టి, గంప తలకెత్తుతూ గొంతు తగ్గించింది.

“ఈసారి ముక్కు చూసి పట్టుకురా హన్నమ్మా.”