ఇరవయ్యారూ ముప్పావు

“ఇరవయ్యారూ ముప్పావు,” అంది ఆమె.

చిన్నసారు తల పట్టుకున్నాడు. మొన్నా అదే, నిన్నా అదే, ఇవాళా అదే జవాబు.

సబ్బుల ఫ్యాక్టరీలో భోజనాల గంట. మెషిన్లు ఆగాయి. ప్యాకింగ్ బల్ల మీద ఖాళీ పెట్టెలు పక్కకు నెట్టి, ఒక అట్టముక్క పరిచి, దానిమీద సుద్దతో లెక్కలు చెబుతున్నాడు. తూకం సెక్షన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. వాళ్లింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు. ప్యాకింగ్‌లో ఆడవాళ్లందరికీ అతను చిన్నసారు. ఎదురుగా కూర్చున్నావిడ అతనికంటే పదేళ్లు పెద్దది.

వచ్చే నెల ప్యాకింగ్‌కు కొత్త మెషిన్ వస్తోంది. రేపటి పరీక్ష పాసైనవాళ్లు తూకం సెక్షన్‌లోకి వస్తారు. కానివాళ్లు ఇంటికి పోతారు. పోయినసారి పరీక్షలో ఆమె రెండంటే రెండు మార్కులకు తప్పింది. మళ్లీ రాయనివ్వడమే గొప్ప. మూడోసారి లేదు.

సిలబస్ అంతా స్టాటిస్టిక్స్‌లో ఓనమాలే. కానీ ఆమె ఏడుతో చదువు ఆపేసిన మనిషి. పుస్తకంలో ‘ఒక తరగతిలోని విద్యార్థులు’ అని కనిపిస్తే చాలు, బిగుసుకుపోయేది. అందుకని అతను పుస్తకం మూసేసి సబ్బులు తెచ్చాడు. ఐదు సబ్బుల బరువులు కూడి ఐదుతో భాగించమన్నాడు. వరుసలో పేర్చి నడిమిది తీయమన్నాడు. సగటు వచ్చింది. మధ్యగతం వచ్చింది.

“బాహుళకం అంటే?”

“అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చేది సార్. మా సూపర్‌వైజర్ తిట్టులాగా.”

బల్ల చుట్టూ అన్నం తింటున్న వాళ్లంతా నవ్వారు. ఇక ఫరవాలేదు, గట్టెక్కినట్టే అనుకున్నాడు.

మొన్న వయసుల లెక్క దగ్గర బండి ఆగిపోయింది. ఐదు మార్కుల లెక్క. ప్రతిసారీ ఇస్తారు.

“సబ్బుల్లాగే అక్కా. ఎవరిదో ఇల్లనుకోకండి, మీ ఇల్లే అనుకోండి. ఎవరికెంత వయసు?”

“మా ఆయనకు నలభై. నాకు ముప్పై నాలుగు. పాపకు పన్నెండు.” అక్కడ ఆగింది.

“అంతేనా?”

“బుడ్డోడు ఉన్నాడు. వాడికి ఆరు.”

“ఆరేళ్లా? ఇల్లు పీకి పందిరి వేస్తుంటాడే.”

“వాడి వల్ల ఇబ్బందేం లేదు సార్,” అంది, ఒళ్లో లేని సుద్దపొడి దులుపుకుంటూ.

మొత్తం తొంభై రెండు. నలుగురు. సగటు ఇరవై మూడు. చిటికెలో చెప్పింది. “మరి ఐదేళ్ల తర్వాత?” అంటే కళ్లు మూసుకుని, పెదాలు కదిలించి, మనసులోనే కూడుకుని, ఇరవయ్యారూ ముప్పావు అంది.

అప్పటి నుంచీ ఇంతే.

“చూడండక్కా. అందరికీ తలో ఐదేళ్లు పెరిగితే సగటూ ఐదే పెరుగుతుంది. కూడక్కర్లేదు, భాగించక్కర్లేదు. అర్థమైందా?”

“అయింది సార్. అందరికీ పెరిగితే అంతే.”

“ఇప్పుడు చెప్పండి.”

ఆమె కళ్లు మూసుకుని మళ్లీ కూడుకుంది. “ఇరవయ్యారూ ముప్పావు.”

అన్నం తింటున్న వాళ్లలో ఒకామె కల్పించుకుంది. “పోనీ సార్, మీ ఇల్లు ఇచ్చి చూడండి.”

“మా ఇంట్లో ముగ్గురం. నాన్నకు యాభై ఎనిమిది, అమ్మకు యాభై, నాకు ఇరవై నాలుగు. సగటు?”

“నలభై నాలుగు.”

“ఐదేళ్లకి?”

“నలభై తొమ్మిది,” అంది తడుముకోకుండా.

అతనికి ఒళ్లు మండింది. “మా ఇల్లు వచ్చి మీ ఇల్లు రాదా? నన్ను ఆటపట్టిస్తున్నారా అక్కా? రేపు పరీక్ష.”

ఆమె తల దించుకుంది. “వేరేవాళ్ల ఇల్లనుకుని రాసేస్తాను సార్.”

“సొంతిల్లే రాకపోతే పరాయిల్లు ఏం వస్తుంది? రేపు కంగారులో అదీ పోతుంది.”

“ఆ ఒక్కటీ వదిలేయండి సార్,” అంది ఇందాకటామె, టిఫిన్ మూత పెట్టేస్తూ. మిగతావాళ్ల నోళ్లూ ఆగిపోయి ఉన్నాయి.

“వదిలేస్తే? పోయినసారి రెండు మార్కులకే పోయింది. ఉద్యోగం మీరిస్తారా?”

గంట మోగడానికి ఇంకెంతో సేపు లేదు. ఇంతమందిలో ఈమెను గట్టున పడేయాలని పట్టుబట్టింది తనే. ఎటూ తోచక అతను సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పాడు. అప్పుడు తట్టింది. తూకం మెషిన్ ప్రతిసారీ ఒకే తేడా చూపిస్తుంటే అది పాడైనట్టు కాదు, పళ్లెం కింద ఏదో ఇరుక్కున్నట్టు. ఈమెకూ ప్రతిసారీ అదే ఒకటింపావు తక్కువ.

“నోటితో వద్దు. మొదట్నుంచి రాయండి. ఐదేళ్ల తర్వాత ఎవరికెంత?”

ఆమె సుద్ద అందుకుంది. నలభై ఐదు. ముప్పై తొమ్మిది. పదిహేడు. వేసింది. నాలుగో అంకె ఆరు అని వేసింది.

అతని ప్రాణం లేచొచ్చింది. “అదిగో, దొరికింది. ఇన్నాళ్లూ ఇక్కడే పోతోందన్నమాట. బుడ్డోడికి ఐదు కలపడం మర్చిపోతున్నారు. ఇంత చిన్నదానికా అక్కా మన తిప్పలు?”

నవ్వుతూ, ఆరును చెరిపి పదకొండు వేయబోయాడు. ఆమె అరచెయ్యి ఆ అంకెను కప్పేసింది.

“పోయిన రోజున వాడికి ఆరు సార్, ఇంకో ఐదేళ్లయినా వాడికి ఆరే.”