హెర్న్‌విక్ రేవులో మూడు ఓడలు

"ఓడల దగ్గర ఉన్నది నలుగురే" అంది ఎల్‌విన్, రెల్లు సందుల్లోంచి చూస్తూ. "మిగతా నలభైమందీ మఠం దోచుకోవడానికి పోయారు. మధ్యాహ్నం దాకా రారు."

సముద్రం మీద దోపిడీకి వచ్చే డేన్ల తెరచాపలు కనబడగానే హెర్న్‌విక్ ఊరు ఊరంతా ఏటి పక్క రెల్లులో నక్కింది. మోకాళ్ళ దాకా బురద. చంకల్లో పిల్లలు. వెనక ఊళ్ళో, మొన్ననే నూర్చి గాదెల్లో పోసిన బార్లీ.

ఊరిపెద్ద ఒస్రిక్ ఎల్‌విన్‌కి మరిది. తల అడ్డంగా ఊపాడు.

"నలుగుర్ని చంపితే నలభైమంది ఊరుకుంటారా వదినా? రాజుగారి సైన్యానికి కబురు పంపాం. రెండ్రోజుల్లో వస్తారు. అందాకా కదలకుండా కూర్చుందాం."

"పోయినేడూ కూర్చున్నాం. వీళ్ళు గాదెలు ఊడ్చుకుపోయారు. ఆ తర్వాత నీ సైన్యం వచ్చి, మిగిలిన కోళ్ళు తినిపోయింది."

రెల్లులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మనుషుల్ని చంపమనట్లేదు నేను. ఓడలు కాల్చమంటున్నా. ఓడ పోయిందంటే ఆ వైకింగు దొంగకి కాళ్ళు విరిగినట్టే. మళ్ళీ ఈ ఏటి మొహం చూడడు."

"తడి చెక్క అంటుకుంటుందా?"

"ఇరవై ఏళ్ళుగా ఉప్పునీళ్ళు కాచి ఉప్పు తీస్తున్నా. నిప్పు సంగతి నాకు చెప్పకు. అడుగు నుంచి అంచు దాకా తారు పూసిన చెక్క అది."

ఒస్రిక్ ఇంకేదో అనబోయాడు. అప్పటికే ముసలి జాలరి టిల్‌బర్ట్ వల భుజాన వేసుకుని లేచాడు. అతని వెనక ఇంకో ఇరవైమంది లేచారు. ఒస్రిక్ నిట్టూర్చి, డాలు అందుకుని అందరికన్నా ముందు నడిచాడు.

మగవాళ్ళు డాళ్ళ మీద బల్లేలతో బాదుతూ ఎదురుగా వెళ్ళారు. కాపలావాళ్ళు నలుగురూ అటు తిరిగారు. ఎల్‌విన్ ఆరుగురు ఆడవాళ్ళతో, తన ఉప్పు పొయ్యిల్లోంచి నింపిన నిప్పుల కుండలు నెత్తిన పెట్టుకుని, నడుంలోతు నీళ్ళలో వెనకనుంచి వచ్చింది.

పోరు ఎంతోసేపు సాగలేదు. ఒకడు కొమ్ముబూర ఊదాడు గానీ రెండోసారి ఊదేలోపే ఒస్రిక్ బల్లెం దిగింది. ఇంకొకడు దుక్కిదున్నే హన్‌బర్ట్ భుజాన్ని గొడ్డలితో చీల్చాడు. వాణ్ణి ముగ్గురు కలిసి పడగొట్టారు. టిల్‌బర్ట్ విసిరిన వలలో మూడోవాడు మలుగుపాములా గిలగిల్లాడాడు. నాలుగోవాడు మఠం వైపు లగెత్తాడు.

మొదటి ఓడ భగ్గుమంది. దాన్నుంచి రెండోది అంటుకుంది. మూడోది మొండికేసింది. ఎల్‌విన్ దాని మీదికెక్కి, మడిచిపెట్టిన తెరచాప మీద కుండ బోర్లించి, మంట లేచేదాకా అక్కడే నిలబడి, అప్పుడు దిగింది. జుట్టు చివర్లు కాలి వాసనొస్తున్నా పట్టించుకోలేదు.

డేన్లు కొండవాలు దిగి వచ్చేసరికి ఊరంతా ఏటికట్ట మీద డాలుకి డాలు ఆనించి నిలబడి ఉంది. ఆడవాళ్ళ చేతుల్లో కొడవళ్ళు, పంగలకర్రలు.

డేన్లు అరవలేదు, మీదికి ఉరకలేదు. మఠంలో దోచిన మూటలు కింద పెట్టి, మండుతున్న ఓడల వంక చూస్తూ నిలబడిపోయారు. వాళ్ళ నాయకుడు నెరిసిన గడ్డం రెండు జడలుగా అల్లుకున్న భారీ మనిషి. ఆఖరి తెరచాప కొయ్య కూలేదాకా చూపు తిప్పలేదు.

"చూశావుగా పెద్దమనిషీ" అని కేకేసింది ఎల్‌విన్. రెండు భాషలూ దాయాదులే, అర్థమవుతాయి. "ఇంక దయచెయ్యి. సముద్రం ఆట్టే లోతుండదు. బట్టలు ఎగ్గట్టి నడిచిపోండి."

కట్ట పొడుగునా నవ్వులు పేలాయి. ఒస్రిక్ కూడా నవ్వాడు. "మళ్ళీ వస్తే ఆ బట్టలు కూడా ఉంచం" అన్నాడు.

నాయకుడు ఒంటరిగా ముందుకొచ్చాడు. డాళ్ళు బిగుసుకున్నాయి. అతను గొడ్డలి నేలమీద పెట్టి, కట్ట దిగువ పొలంలోంచి పిడికెడు నల్లమట్టి తీసుకుని వేళ్ళతో నలిపాడు. వాసన చూశాడు. వెనక్కి తిరిగి తనవాళ్ళకి ఏదో చెప్పాడు. నలభైమందీ ఊళ్ళోని ఇళ్ళ కప్పుల్ని ఒక్కొక్కటిగా చూడసాగారు.

"చూశాను తల్లీ, ఓడల్లేకుండా ఇంక మేం ఎక్కడికీ పోలేం" అన్నాడు నాయకుడు, చేతులు దులుపుకుంటూ. "మా నలభైమందికీ పొలాలు ఎటువైపు ఇస్తావో చూపించు."