చెలమ దగ్గర సభ

వాగెండిపోయి అడవికంతటికీ ఒక్క చెలమ మిగిలింది. ముందెవరు తాగాలో జంతువులన్నీ రోజూ పొద్దున్నే కూర్చుని తేల్చుకునేవి. ఒకనాడు దుమ్ములగొండి వచ్చి చెలమకు అడ్డంగా పడుకుంది.

"కరువులో సభలేమిటి? వానలు పడేదాకా నా మాటే వినండి," అంది.

అన్నీ భయపడి తలలూపాయి. ముసలి కుందేలు మాత్రం మర్నాడూ వెళ్లి సభ చోట కూర్చుంది. దుమ్ములగొండి దాని చెవి కొరికేసింది. ఆ మర్నాడు కుందేలు నెత్తురు గడ్డకట్టిన చెవితోనే వచ్చి, "ఈ పూట ముందెవరు తాగాలి?" అని అడిగింది.

జంతువులన్నీ పొదల చాటునుంచే చూశాయి. చివరికి పొదలోంచి ఒక జింక వచ్చి పక్కన కూర్చుంది.

"పాలిచ్చే తల్లులు," అంది. దాని పిల్ల నిన్ననే దప్పికతో చచ్చిపోయింది.

మిగతా జంతువులు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. దుమ్ములగొండి లేచి గుర్రుమంది. ఎవరూ కదల్లేదు.

కుందేలు వణుకుతూనే అడిగింది, "ఆ తర్వాత ఎవరు?"